అప్‌డేట్: డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు పూర్తి చేశాను

న్యూయార్క్‌లో ఆన్‌లైన్ డిఫెన్సివ్ డ్రైవింగ్ (ప్రమాదాలు జరగకుండా ముందుజాగ్రత్తగా నడపడం) కోర్సు చేస్తే కారు ఇన్సూరెన్స్ నిజంగా తగ్గుతుందా, డబ్బు దండగేనా అని రెండు నెలల క్రితం అడిగాను. చేయమని ధైర్యం చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. నిజంగానే తగ్గింది.

కోర్సు మొత్తం 320 నిమిషాలు. టైమర్ నడుస్తూ ఉంటుంది కాబట్టి పేజీలు గబగబా దాటేయడం కుదరదు. పిల్లలు పడుకున్నాక నాలుగు రాత్రుల్లో ముగించాను. మంచు రోడ్డు మీద ముందు కారుకు ఎంత దూరం ఉండాలన్న పాఠం నాకు బాగా పనికొచ్చింది. ఊళ్లో నేర్చుకున్న డ్రైవింగ్‌లో మంచు సంగతి ఎవరు చెప్తారు!

ఇక డబ్బుల విషయం. కోర్సు చేస్తే వచ్చే 10 శాతం తగ్గింపు మొత్తం ప్రీమియం మీద కాదు. లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి), నో-ఫాల్ట్ (తప్పు ఎవరిదైనా వైద్య ఖర్చులకు), కొలిజన్ (ఢీకొంటే మన కారు రిపేరుకు) భాగాల బేస్ రేటు మీదే. కాంప్రిహెన్సివ్‌కు (దొంగతనం, వడగళ్లలాంటి నష్టాలకు) వర్తించదు. నేను ఏడాదికి 240 డాలర్లు తగ్గుతాయనుకుంటే 185 తగ్గాయి. అయినా ఫీజు 30 డాలర్లే, తగ్గింపు మూడేళ్లు ఉంటుంది. నా లెక్కలో తప్పకుండా చేయాల్సిందే.

నాకు పడిన స్పీడింగ్ టికెట్ మాత్రం రికార్డులోంచి పోదు. టికెట్లకు పడే పాయింట్లు ఎక్కువైతే లైసెన్స్ సస్పెండ్ చేస్తారు కదా, ఆ లెక్కలో 4 పాయింట్ల దాకా తగ్గిస్తారు, అంతే. నాకు ఆ టెన్షన్ తగ్గడమే పెద్ద ఊరట.

ఇంకోటి, తగ్గింపు ఆ కారుకు ముఖ్య డ్రైవర్ ఎవరో వాళ్లు చేస్తేనే. రెండో కారు మా ఆవిడది, అందుకే తనూ ఆదివారం మొదలుపెట్టింది.