చైనీస్ సెంటర్‌లో ఫ్రంట్ డెస్క్ జాబ్ వచ్చింది, ఇంతకీ అక్కడ బాస్ ఎవరు?

నిడదవోలు_నాని:
అందరికీ హాయ్. ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను, ఆన్ క్యాంపస్ జాబ్ కోసం తిరగని డిపార్ట్‌మెంట్ లేదు, డైనింగ్ హాల్ వాళ్ళు వెయిటింగ్ లిస్టులో పడేశారు, లైబ్రరీ వాళ్ళయితే మెయిల్‌కి రిప్లై కూడా ఇవ్వలేదు. నిన్న మా యూనివర్సిటీ చైనీస్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ సెంటర్ నుంచి ఆఫర్ వచ్చింది, వారానికి 12 గంటలు ఫ్రంట్ డెస్క్. నాకు చైనీస్ ఒక్క ముక్క రాదు, గోబీ మంచూరియా తినడం తప్ప (అది కూడా చైనాది కాదంట). స్టాఫ్ పేజీ చూస్తే కళ్ళు తిరిగాయి, ఇద్దరు డైరెక్టర్లు, ఒక ప్రోగ్రాం మేనేజరు, విజిటింగ్ టీచర్లు, మళ్ళీ వాలంటీర్ టీచర్లని ఇంకో వరస. వీళ్ళలో ఎవరి మాట వినాలి? ఎవరైనా ఇలాంటి చోట చేశారా?

పాలమూరు_పిల్ల:
తమ్ముడూ నేను 2016 నుంచి 18 దాకా ఇట్లాంటి దాంట్లనే చేసిన, అప్పుడు దాన్ని కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ అంటుండె, అంటే చైనా సర్కారు సాయంతోని చైనీస్ నేర్పే సెంటరన్నట్టు, యూనివర్సిటీ పేరు వద్దులే. ఇద్దరు డైరెక్టర్లంటే భయపడకు, ఆ పద్ధతే అది. ఒకాయన ఇక్కడి ప్రొఫెసర్, ఆయనకు ఇది పక్క పని, క్లాసులు చెప్పుకుంట మధ్యల మీటింగుకొస్తడు. రెండో ఆమె చైనాల పార్ట్‌నర్ యూనివర్సిటీ పంపిన మనిషి, కొన్నేండ్లు ఉండి పోతది. విజిటింగ్ టీచర్ల జీతం అప్పట్ల హాన్‌బాన్ అని బీజింగ్ ఆఫీసు ఇస్తుండె. వాలంటీర్లంటే ఊకెనే చేసేటోళ్ళు అనుకున్న నేను, కాదు, వాళ్ళకు స్టైపెండ్ ఉంటది, మా దగ్గరొచ్చినోళ్ళంత చైనీస్ టీచింగ్‌ల పీజీ చేసే పిల్లలు, ఇల్లు ఇడిసి మొదటిసారి వచ్చినోళ్ళు, మనలెక్కనే రైస్ కుక్కర్ మోసుకొచ్చిన్రు.

ఇగ బాస్ ఎవరంటవా, ప్రోగ్రాం మేనేజరమ్మ. టైమ్‌షీట్ ఆమె నొక్కాలె, క్లాస్‌రూం తాళాలు ఆమె దగ్గర, టోనర్ ఏ అలమారల ఉందో ఆమెకే తెలుసు. నేనున్న రెండేండ్లల్ల చైనా డైరెక్టర్ మారింది, టీచర్లు అందరు మారిన్రు, ఆమె మాత్రం అదే కుర్చీల అదే స్వెటర్ మీద కూసునుండె. ఆమెతోని మంచిగుంటే నీ గంటలు ఎవ్వరు కొయ్యరు.

పని ఏముండదు, ఫోన్లు, ఫ్లయర్లు, స్కూల్ పిల్లలొస్తే బ్రష్షులు కడుగుడు. స్ప్రింగ్ ఫెస్టివల్‌కే, అదే చైనోళ్ళ కొత్త సంవత్సరానికే, నడుం ఇరుగుతది, నాలుగు వందల జియావ్‌జ్‌లు చేయాలె. పిండి చిన్న పూరీ లెక్క ఒత్తి, నడుమ కూర పెట్టి, అంచు మలుచుకుంట మూసుడు, నేను మా అమ్మ గరిజెల అంచు మలిసినట్టు మలిస్తే వాంగ్ టీచర్ చెయ్యి పట్టుకొని అందరికి చూపిచ్చింది. ఆనాటి సంది నాకు డెస్క్ డ్యూటీ లేదు, వంటనే 😂 పంది మాంసం తినను అంటే క్యాబేజీ, గుడ్డు కలిపి వేరే గిన్నె పెట్టింది పాపం.

సైలెంట్_కిల్లర్_99:
బ్రో ఆ జోలికి పోకు, వాళ్ళంతా చైనా గవర్నమెంట్ మనుషులు, రేపు వీసా స్టాంపింగ్‌లో అడిగితే ఏం చెప్తావ్. గ్యాస్ స్టేషన్ బెటర్.

దారినపోయే_దానయ్య:
గ్యాస్ స్టేషన్ బెటరా?? ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీద బయట చేస్తే స్టేటస్సే పోతుంది, సలహా ఇచ్చేముందు ఆలోచించండి సార్.

అయితే ఆయన భయం గాల్లోంచి వచ్చింది కాదు. అమెరికాలో మొదటి కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ మేరీలాండ్ యూనివర్సిటీలో 2004లో పెట్టారు, 2020లో అదీ మూసేశారు. చికాగో, పెన్ స్టేట్ యూనివర్సిటీలు 2014లోనే వదిలేశాయి. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 2013లో తీసేసింది, అక్కడ గొడవంతా స్టాఫ్ గురించే, ఫాలున్ గాంగ్ (చైనా నిషేధించిన ఒక ఆధ్యాత్మిక ఉద్యమం) నమ్మేవాళ్ళని టీచర్లుగా తీసుకోకూడదని చైనా వైపు కాంట్రాక్టులో ఉందని అక్కడ పనిచేసిన టీచరే బయటపెట్టింది. మరి క్లాసు యూనివర్సిటీది, టీచర్ని ఎంచేది ఇంకొకరు అంటే ఎవరైనా ఊరుకుంటారా. అసలు దెబ్బ మాత్రం 2018లో వచ్చిన డిఫెన్స్ చట్టం, ఆ ఇన్‌స్టిట్యూట్ ఉంటే పెంటగాన్ ఇచ్చే చైనీస్ కోర్సుల డబ్బు రాదన్నారు, ఆ దెబ్బకి డీన్లకి లెక్క అర్థమైంది. 2019 మొదట్లో 90కి పైన ఉన్నవి 2023కి అయిదు కూడా మిగల్లేదు. హాన్‌బాన్ కూడా 2020లో పేరు మార్చుకుంది.

కాబట్టి నానీ, ఆఫర్ లెటర్‌లో ఎంప్లాయర్ పేరు చూడు. యూనివర్సిటీ పేరోల్ అయితే అది మామూలు క్యాంపస్ జాబే, సెమిస్టర్‌లో 20 గంటల లోపు. వేరే సంస్థ పేరు కనపడితే సంతకం పెట్టకముందే డీఎస్ఓకి (యూనివర్సిటీలో ఫారిన్ స్టూడెంట్ల వీసా వ్యవహారాలు చూసే ఆఫీసర్) మెయిల్ కొట్టు.

రాజోలు_రాంబాబు:
నేను స్టాఫ్‌లో కాదు గానీ అలాంటి సెంటర్‌లోనే హెచ్ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్ష లెవెల్ త్రీ దాకా చదివానండి, అప్పట్లో 600 మాటలు. ముందు పిలుపు నేర్చుకోండి, పేరు పెట్టి పిలవకండి, ఇంటిపేరు ముందు, లావ్‌షీ తర్వాత, వాంగ్ లావ్‌షీ, మనం సత్యం మాస్టారు అన్నట్టే. అక్కడే సగం గెలిచేస్తారు. ఇంకోటండి, ఇంగ్లీష్ అక్షరాల్లో బి అని రాసింది నిజానికి మన ప, పి అని రాసింది ఒత్తు ఫ. తెల్లోళ్ళు నెల తిప్పలుపడ్డది మనకి అక్షరాల్లోనే ఉంది. స్వరాలే చంపుతాయి, కొనడం, అమ్మడం రెండూ మై యే, దించి లేపితే కొనడం, గట్టిగా పడేస్తే అమ్మడం. మా లావ్‌షీ దగ్గర ఏడాదంతా నేను కొనాల్సినవన్నీ అమ్మేశానండి.

బోల్‌పూర్_బాబాయ్:
స్టాఫ్ అంటే గుర్తొచ్చింది, శాంతినికేతన్‌లో చీనా భవన్ అని చైనీస్ చదువుల విభాగం 1937లో పెట్టారు, దానికి తొలి డైరెక్టర్ తాన్ యున్ షాన్, చైనాలోని హునాన్ ఆయన. 1927లో సింగపూర్‌లో టాగూర్‌ని కలిశాడు, మరుసటి ఏడు చైనీస్ చెప్పడానికని వచ్చాడు, 1983లో బుద్ధగయలో పోయాడు. ఈ రెండేళ్ళ డైరెక్టర్ల గురించి చదువుతుంటే ఆయనే మెదిలాడు.

నిడదవోలు_నాని:
అందరికీ థ్యాంక్స్. లెటర్ చూశా, యూనివర్సిటీ పేరోలే. ఇందాక మేనేజర్ గారిని కలిశాను, అక్కా, నిజంగానే స్వెటర్ వేసుకుంది 😅 టోనర్ ఎక్కడుందో అడిగితే "ఎప్పుడు మొదలుపెడతావ్" అంది. సోమవారం నుంచి.