టీటర్‌బరో టేకాఫ్: ఆల్టిట్యూడ్ విండోలో 1500 పెట్టాలా, 2000 పెట్టాలా?

అందరికీ నమస్తే. జెట్లు నడిపేవాళ్లు, ఏటీసీలో (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో) పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

అమెరికా న్యూజెర్సీలోని టీటర్‌బరో ఎయిర్‌పోర్ట్‌లో రన్‌వే 24 నుంచి వెళ్లే రూడీ డిపార్చర్ (టేకాఫ్ తర్వాత పాటించాల్సిన నిర్ణీత దారి, ఎత్తులు) చదువుతున్నాను. లేచాక దారిలో వచ్చే వెంట్జ్ అనే పాయింట్ దాటేదాకా 1500 అడుగుల దగ్గరే ఉండాలి, ఆ తర్వాతే 2000. పైన నెవార్క్‌లో దిగే విమానాలు వెళ్తుంటాయి. అయినా 1500 దగ్గర ఆగకుండా నేరుగా 2000కి ఎక్కేసిన పైలట్లు చాలామందే ఉన్నారు, కొత్తవాళ్లే కాదు.

నాకైతే ఆశ్చర్యం లేదు. నిమిషానికి 3500 అడుగులు ఎక్కే జెట్‌కి 1500 అందుకోవడానికి 26 సెకన్లు చాలు. ఆలోపే గేర్ (చక్రాలు) ఎత్తాలి, రెక్కల ఫ్లాప్స్ సర్దాలి, పవర్ తగ్గించాలి, సరిగ్గా అప్పుడే టవర్ వాళ్లు ఫ్రీక్వెన్సీ మార్చుకోమంటారు.

నా సందేహం ఇది. ఆల్టిట్యూడ్ విండోలో (ఆటోపైలట్ ఏ ఎత్తు దగ్గర ఆగాలో పెట్టే చోట) 2000 పెట్టి, మధ్యలో ఆగే పని వీనావ్‌కి (రూట్‌లోని ఎత్తులను చూసుకునే ఆటోపైలట్ మోడ్‌కి) వదిలేస్తారా? లేక ముందు 1500 పెట్టి, వెంట్జ్ దాటాక మారుస్తారా? రెండోదే భద్రం అనిపిస్తోంది, కానీ మార్చడం మర్చిపోతేనో అని టెన్షన్. పవర్ ఎన్ని అడుగుల దగ్గర తగ్గిస్తారు?

ఇంకోటి: అసలు గాలి ప్రెషర్ 30.32 అంగుళాలు ఉన్నప్పుడు ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) సెట్టింగ్ 29.92 మీదే ఉండిపోతే, 1500 చూపిస్తున్నా విమానం దాదాపు 1900లో ఉంటుంది. రన్‌వే వైపు టాక్సీ చేస్తున్నప్పుడు ఈ సెట్టింగ్‌ని పైలట్లిద్దరూ ఎప్పుడు సరిచూసుకుంటారు? పుస్తకంలో ఉన్నది కాదు, మీరు రోజూ చేసేది చెప్పండి.