రాత్రి కోల్డ్ రూమ్‌లో పెట్టిన గ్రేవీ పొద్దుటికీ గోరువెచ్చగానే: మళ్లీ మరిగిస్తే చాలా?

గరిటె_24:
20 లీటర్ల మాంసం గ్రేవీ ఒకే గిన్నెలో కాచి, మూత పెట్టి, రాత్రి 12కి కోల్డ్ రూమ్‌లో పెడుతున్నాం. డిస్‌ప్లే 4 డిగ్రీలే చూపిస్తోంది. పొద్దున 6కి గిన్నె నడుమ థర్మామీటర్ గుచ్చితే 30. మరిగించి వడ్డించవచ్చా? మిగిలిన అన్నం కూడా ఇలాగే పెడుతున్నాం.

మైక్రో_మాట:
రెండూ పారబోయండి. డిస్‌ప్లే చెప్పేది గది గాలి సంగతి, గిన్నె నడుమ సంగతి కాదు.

మాంసం గ్రేవీలో భయపడాల్సింది క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకి. దాని స్పోర్లు, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే విత్తనాల్లాంటి రూపాలు, మరిగినా చావవు. మరిగేటప్పుడు గ్రేవీలోని గాలి పోతుంది, గాలి లేని చోటే ఆ బ్యాక్టీరియా పెరుగుతుంది. 43-45 డిగ్రీల దగ్గర సుమారు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. నడుమ దాకా 74 డిగ్రీలు తగిలితే పెరిగినవి చస్తాయి, నిజమే. కానీ చిక్కటి గ్రేవీ అంచుల్లో బుడగలు వస్తున్నా నడుమ అంత వేడి ఉండదు. పైగా గంటల తరబడి ఇంకేం పెరిగాయో తెలియదు.

అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా ఇంకా మొండిది. అది వదిలే వాంతుల విషం 121 డిగ్రీల దగ్గర 90 నిమిషాలున్నా చెడదు. బ్యాక్టీరియా చచ్చినా విషం మిగులుతుంది.

పెద్దపొయ్యి:
వేడిగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు కదా, బయటే పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి.

మైక్రో_మాట:
పెద్ద గిన్నెను అలా ఆరబెట్టడమే అసలు ప్రమాదం అండీ. లెక్క ఇది: 57 నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో 4 గంటల్లో దిగాలి. గడియారం 57 దగ్గర మొదలవుతుంది, ఫ్రిజ్ తలుపు వేసినప్పుడు కాదు. 2 గంటలకు 21కి రాకపోతే వెంటనే 74కి వేడిచేసి మళ్లీ చల్లార్చాలి, లేదా పారేయాలి.

ముఖ్యంగా చూడాల్సింది లోతు. పొర మందం రెట్టింపైతే చల్లారే సమయం దాదాపు నాలుగింతలు. అందుకే 5 సెంటీమీటర్లకు మించకుండా వెడల్పాటి స్టీల్ ట్రేల్లోకి వంచండి. ప్లాస్టిక్ డబ్బాలు వేడిని పట్టి ఉంచుతాయి, వద్దు. ముందు ట్రేని ఐస్ నీళ్లలో దించి కలుపుతూ ఉండండి, తర్వాత మూత వదులుగా పెట్టి పై అరలో ఉంచండి. ట్రేల మధ్య గాలి ఆడాలి, ఒకదానిపై ఒకటి పేర్చకూడదు. పచ్చి మాంసం ఎప్పుడూ కింది అరలోనే. అన్నమైతే ట్రేల్లో పలుచగా పరిచి, అదే లెక్కన కోల్డ్ రూమ్‌లో చల్లార్చండి.

థర్మామీటర్‌ను ఐస్ ముక్కలు నిండా ఉన్న నీళ్లలో ముంచి, 0 చూపిస్తోందో లేదో సరిచూసుకోండి.

గరిటె_24:
ట్రేలు, గరిటెల శుభ్రానికి బ్లీచ్ ఎంత?

నురుగు_తక్కువ:
5 శాతం బ్లీచ్ లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు, అంటే 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100 పాళ్ల క్లోరిన్). సువాసన కలపని బ్లీచే వాడాలి. ముందు సబ్బుతో కడిగి, మంచినీళ్లతో తొలిచి, అప్పుడు ముంచాలి. జిడ్డు మిగిలితే క్లోరిన్ దానితోనే ఖర్చైపోతుంది. క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే టెస్ట్ స్ట్రిప్‌తో చూసి, 50 కన్నా తగ్గితే నీళ్లు మార్చండి. చివర్లో గుడ్డతో తుడవొద్దు, గాలికి ఆరనివ్వండి. ఆ తడిగుడ్డే అన్ని ట్రేలకూ బ్యాక్టీరియాను పంచుతుంది. థర్మామీటర్ మొననూ ప్రతి ట్రేకీ శుభ్రం చేయడం చాలామంది మర్చిపోతారు.