షికాగో నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: రెండు రాత్రులు రైల్లో కూర్చునే వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక్కదాన్నే, తక్కువ ఖర్చుతో అమెరికా తిరుగుతున్నాను. న్యూయార్క్, వాషింగ్టన్ అయ్యాయి, ఇప్పుడు షికాగోలో ఉన్నాను.

స్వేచ్ఛా విగ్రహాన్ని స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ మీంచి పైసా ఖర్చు లేకుండా చూశాను. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలన్నీ ఫ్రీ, మూడు రోజులు కాళ్లు అరిగేలా తిరిగాను. డబ్బంతా పోయేది పడకకీ తిండికీ. బోర్డు మీద 12 డాలర్లన్న శాండ్‌విచ్ పన్ను కలిసి 13 దాటుతుంది, ఆపై టిప్ ఎంతిస్తారని స్క్రీన్ మన వైపు తిప్పుతారు! మొహమాటపడి మొదటి వారం అడిగినంతా ఇచ్చేశాను.

అసలు సంగతేంటంటే, ఇక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఆమ్‌ట్రాక్ (అమెరికా ప్రయాణికుల రైళ్ల సంస్థ) వారి కాలిఫోర్నియా జెఫిర్ రైల్లో వెళ్దామనుకుంటున్నాను. దాదాపు 52 గంటలు. రాకీ పర్వతాలు చూడాలని ఆశ. పడక గది నా బడ్జెట్‌కి అందదు, కోచ్ సీటే గతి. మన స్లీపర్ బెర్తులా నడుం వాల్చే వీలుండదు కదా, నిద్ర పడుతుందా? రాత్రిళ్లు చలి ఎలా ఉంటుంది, దుప్పటి కొనాలా? ఒంటరి ఆడవాళ్లెవరైనా వెళ్లారా? బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు బ్యాగు ఏం చేశారు?

ఇక్కడ మన దేశీ కొట్లుండే డెవాన్ అవెన్యూలో అటుకులు, చింతపండు కొన్నాను. హాస్టల్ వంటింట్లో చేసుకున్న అటుకుల పులిహోర రెండో రోజుకి నిలుస్తుందా? దయచేసి అదీ చెప్పండి.