హిమాచల్‌లోని స్పితిలో ఐస్ క్లైంబింగ్‌కి వెళ్తున్నాం, గడ్డకట్టిన జలపాతం మీదే ఎక్కితే అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) భయం ఉండదా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం నలుగురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. కంఠీరవ స్టేడియం వాల్ మీద రెండేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాం, రామనగరలో రాక్ క్లైంబింగ్ కూడా చేశాం, మంచులో మాత్రం కేదార్‌కంఠ ట్రెక్ ఒక్కటే. వచ్చే శనివారం స్పితికి బయల్దేరుతున్నాం, లీవు ఎనిమిది రోజులే దొరికింది, రానూపోనూ ఫ్లైట్ టికెట్లు తీసేశాం. మేం ఎక్కేది ఐస్ గోడ కదా, మంచు వాలు కాదు, మరి అవలాంచ్ గురించి అంత ఆలోచించాలా? యాప్‌లో రెండ్రోజులు మంచు, మూడో రోజు ఫుల్ ఎండ అని చూపిస్తోంది, ఆ రోజు ఎక్కితే సేఫే కదా?

జవాబు:
తమ్ముడూ, ఆ మూడో రోజే అసలు డేంజర్, దయచేసి ఆ రోజు పెట్టుకోవద్దు. మనకి ఇక్కడ వాన వెలిసిందంటే ఇక పర్లేదు అని అలవాటు, అక్కడ అలా కాదు, కొత్తగా పడిన మంచు కింద పాత పొరకి ఇంకా అతుక్కుని ఉండదు, పైగా గాలి ఒక పక్క మంచంతా ఊడ్చి రెండో పక్క పోగేస్తుంది, దాని మీద ఎండ తగిలితే జారడమే. స్పితిలో ఇంకో చిక్కుంది. మంచు పల్చగా ఉండి చలి విపరీతంగా ఉంటే అడుగు పొర పంచదార పలుకుల్లా విడిపోతుంది, పైన గట్టిగానే ఉంటుంది, కింద పట్టు ఉండదు. నడుస్తుంటే కాళ్ల కింద 'ధబ్' మని కుంగిన శబ్దం వచ్చినా, పగులు పాకినా అక్కణ్ణుంచే వెనక్కి.

జలపాతం ఎక్కడుంటుందో ఆలోచించు. పై వాలంతా గరాటులా దిగే చోట. అవలాంచ్‌కీ అదే దారి. నువ్వు ఎక్కేది నిట్టనిలువు ఐస్ అయినా నెత్తి మీద 30 నుంచి 45 డిగ్రీల వాలుంటే అది నీ మీదకే వస్తుంది, కింద నిలబడితే ఆ వాలు కనపడదు కూడా, మ్యాప్‌లో ముందే చూసుకోవాలి. బిలే ఇచ్చేవాణ్ణి, అంటే ఎక్కేవాడి తాడు కింద పట్టుకునేవాణ్ణి, గరాటు మూతి దగ్గర నిలబెట్టకండి, పక్కన రాతి చాటుకి పంపండి.

ఐస్ సంగతి: మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఐస్ స్క్రూ (తాడు తగిలించడానికి ఐస్‌లోకి దించే బోలు గొట్టం లాంటి మర) తిప్పుతుంటే గొట్టంలోంచి గట్టి ఐస్ కడ్డీలా బయటికొస్తూ ఉంది, సగం దిగాక అది ఆగిపోయింది, చేతికి పట్టు తెలియలేదు, కాసేపటికి గొట్టంలోంచి నీళ్లు కారాయి. వెనకాల బోలు. మా గైడ్ ఒక్క మాట మాట్లాడకుండా కిందికి వేలు చూపించాడు, దిగిపోయాం. ఐస్ గొడ్డలి వేస్తే డొల్ల శబ్దం వచ్చినా అంతే. మరీ చలిగా ఉన్న పొద్దున ఐస్ పళ్లెం సైజు పెచ్చులుగా ఊడుతుంది, ఎండ పడ్డాక మెత్తబడుతుంది, పైన వేలాడే ముక్కలు రాలతాయి.

బయల్దేరే ముందు డీజీఆర్‌ఈ (డీఆర్‌డీవో సంస్థ) అవలాంచ్ బులెటిన్ చూడు, డేంజర్ లెవెల్ ఇస్తారు. ఇంకోటి, అక్కడివాళ్లు అవలాంచ్‌ని 'గ్లేషియర్' అంటారు, డ్రైవర్ 'గ్లేషియర్ ఆయా హై' అన్నాడంటే హిమానీనదం గురించి కాదు, బండి ఆపించు.

ప్రశ్న అడిగినతను:
థ్యాంక్స్ అన్నా, ఇంత ఉందనుకోలేదు. బీకన్లు (మంచులో పూడిపోయినవాళ్లని సిగ్నల్‌తో వెతికే పరికరాలు) రెండు దొరికాయి, నలుగురికి సరిపోతాయా?

జవాబు:
సరిపోవు. ఒక్కొక్కరికీ బీకన్, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార, మూడూ ఉండాలి. పూడిపోయిన మనిషిని 15 నిమిషాల్లోపు తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే మూడొంతుల్లో రెండొంతుల మంది దక్కరు, అంటే రెస్క్యూ టీమ్ వచ్చేదాకా టైమ్ ఉండదు, మీరే మీ టీమ్. ఈ ఆదివారం మీ బెంగళూరు తురహళ్లి అడవికి వెళ్లి ఒక బీకన్ సంచిలో పెట్టి ఆకుల కింద దాచి వెతకండి, గడియారం పెట్టుకుని. ఫోన్ బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు 50.

2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా-2 శిఖరం దగ్గర ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ ఇన్‌స్టిట్యూట్ కోర్సు బృందం మీద అవలాంచ్ పడింది, 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరు దొరకనే లేదు. వాళ్ల పక్కన ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు తమ్ముడూ.

నాకు నిజంగా భయం వేసేది మీ రిటర్న్ టికెట్ చూసి. 'రేపు ఫ్లైట్ ఉంది, ఇవాళే ఎక్కేద్దాం' అనే మాట వస్తుంది చూడు, అది రాకుండా ఇవాళే టికెట్ రెండ్రోజులు వెనక్కి జరుపు, మేనేజర్‌తో కూడా ఇవాళే మాట్లాడు, అక్కడికెళ్లాక సిగ్నల్ దొరక్కపోవచ్చు.