చర్చ: రోగకారక బాక్టీరియాను పేగు గోడకు అంటుకోనివ్వకపోతే చాలదా, చంపి తీరాలా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

విరేచనాలు మొదలైన పూటే మందుల దుకాణానికి వెళ్లి, చీటీ లేకుండానే రెండు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకొని మింగడం మన గుంటూరులోనూ, మీ విజయవాడలోనూ మామూలైపోయింది. వైరస్ వల్ల వచ్చిన విరేచనాలకు ఆ మాత్ర పనిచేయదు. బాక్టీరియా వల్ల వచ్చినవాటిలోనేమో, మందుకు చావనివే మిగిలి సంతతిని పెంచుకుంటాయి. అందువల్ల నా ప్రతిపాదన ఇది: చంపే మందులకన్నా, బాక్టీరియా మన కణాలను పట్టుకోకుండా అడ్డుపడే మందుల మీద పరిశోధన ఎక్కువగా జరగాలి. పట్టు దొరకని బాక్టీరియా పేగు కదలికలకు, జిగురుపొర ప్రవాహానికి కొట్టుకుపోతుంది. దాన్ని మనం చంపడం లేదు కనుక, మందును తట్టుకొనే రకానికి దక్కే లాభం కూడా తక్కువగానే ఉండాలి.

ఇది ఊహ మాత్రమే కాదు. పందిపిల్లలను చంపే ఈ.కోలై అనే పేగు బాక్టీరియా రకం ఒకటి కే88 అనే ప్రొటీన్ నూగుతో చిన్నపేగును పట్టుకుంటుంది. ఆ నూగు పోగొట్టుకున్న బాక్టీరియా జబ్బు కలిగించలేదనీ, ఆ నూగుకు తగిన గ్రాహకం (కణం మీద అది పట్టుకొనే చోటు) లేకుండా పుట్టిన పందిపిల్లలకు ఆ జబ్బు రాదనీ 1970లలోనే తేలింది. తల్లిపందికి ఆ నూగుతో చేసిన టీకా వేస్తే, ముర్రుపాల ద్వారా యాంటీబాడీలు చేరి పిల్లలు బతికాయి.

సూర్యారావుపేట ల్యాబ్, విజయవాడ:

మాస్టారూ, మీ ఉదాహరణ బలమైనదే గానీ, అది సులువైన సందర్భం. మనుషులకు ప్రయాణాల్లో విరేచనాలు తెచ్చిపెట్టే ఈ.కోలైలో పేగును పట్టుకొనే సాధనాలు 25కు పైగా గుర్తించారు. ఒకదానికి అడ్డుపడితే మరొకటి ఉన్న రకం ముందుకు వస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఈపెక్ అని పిలిచే రకంతో ఉంది. పసిపిల్లల్లో విరేచనాలకు కారణమయ్యే ఈ ఈ.కోలై, మొదట పోచల కట్టలాంటి నూగుతో కణాన్ని వదులుగా తాకుతుంది. తరువాత సూదివంటి నిర్మాణాన్ని కణపు పొరలోకి దింపి, దాని గుండా టిర్ అనే తన సొంత ప్రొటీన్‌ను లోపలికి పంపుతుంది. ఆ టిర్ కణపు పొరలో చొచ్చుకొని, నడిభాగం బయటికి కనిపించేలా నిలబడుతుంది; బాక్టీరియా ఒంటి మీది ఇంటిమిన్ అనే ప్రొటీన్ సరిగ్గా ఆ భాగాన్నే పట్టుకుంటుంది. మన గోడకు తానే మేకు కొట్టి, దానికి తానే వేలాడడమన్నమాట! టిర్‌ను కొన్నేళ్లపాటు మన కణపు ప్రొటీనేనని భావించారు. అది బాక్టీరియాదేనని 1997లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అటుపైన టిర్ కణం లోపల దానికి ఆకారమిచ్చే యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులను తన కిందికి రప్పించి ఒక దిమ్మెను లేపిస్తుంది. ఆ చోట పోషకాలను పీల్చుకొనే సన్నని వేళ్లవంటి సూక్ష్మచూషకాలు చెరిగిపోతాయి. మన గ్రాహకాన్ని పోలిన నకిలీని ఇచ్చి ఇలాంటి బాక్టీరియాను ఏమార్చడం ఎలా? గట్టి పట్టుకు కావలసిన గ్రాహకాన్ని అదే వెంట తెచ్చుకుంటోంది కదా.

మూత్రనాళంలో ఈ.కోలై మానోజ్ చక్కెరను పట్టుకుంటుంది కనుక ఆ చక్కెరనే నకిలీ పట్టుగా ఇస్తే కణాన్ని వదిలేస్తుందన్న తర్కంతో డీ-మానోజ్ పొడి బాగా అమ్ముడైంది. బ్రిటన్‌లో దాదాపు 600 మంది మహిళలకు ఇచ్చి చూసి, 2024లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అది మళ్లీ మళ్లీ వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లను తగ్గించలేదు. పరీక్షనాళికలో విడిపోయిన పట్టు ఒంట్లోనూ విడిపోతుందన్న భరోసా లేదు.

కొరిటెపాడు, గుంటూరు:

మీరిద్దరూ మోతాదును పట్టించుకోవడం లేదు. షిగెల్లా 10 నుంచి 100 కణాలు కడుపులోకి పోయినా జిగట విరేచనాలు రావచ్చు. కడుపులో ఆమ్లం సరిగా ఉన్న మనిషికి కలరా రావాలంటే కోట్ల సంఖ్యలో కావాలి. నూటికి 99 బాక్టీరియాలను అడ్డుకొనే మందు కలరా విషయంలో అక్కరకు రావచ్చు గానీ, షిగెల్లా దగ్గర మిగిలిన ఆ ఒక్క శాతమే ప్రమాదం. పైగా షిగెల్లా, పేగు లోపలి సరుకును అడుగున ఉన్న రక్షక కణాలకు చేరవేసే ఎం కణాల గుండా అడుగుకు దిగి, పేగు కణాల్లోకి వెనుకవైపు నుంచి దూరుతుంది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలిన రోజులు గుర్తున్నవారికి, ఈ మోతాదును తగ్గించవలసిన మొదటి చోటు తాగునీటి గొట్టమేనని వేరే చెప్పనక్కరలేదు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

నీటి మాటతో నాకు పేచీ లేదు. డీ-మానోజ్ ఓడిపోయింది కాబట్టి మార్గమే తప్పంటే మాత్రం ఒప్పుకోను. తల్లిపాలలోని ఫ్యూకోజ్ చక్కెరలు విరేచనాలు తెచ్చే కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా పట్టుకు అడ్డుపడతాయి. మెక్సికోలో జరిగిన అధ్యయనంలో, ఆ చక్కెర ఎక్కువగా ఉన్న పాలు తాగిన పసివాళ్లకు కాంపైలోబాక్టర్ విరేచనాలు తక్కువగా వచ్చాయి. ఇంకొక సంగతి కూడా చూడండి. ఓ157 ఈ.కోలై సోకినప్పుడు యాంటీబయాటిక్ ఇస్తే బాక్టీరియా షిగా టాక్సిన్ అనే విషాన్ని మరింత విడుదల చేసి, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం పెరగవచ్చని వైద్యులు దానికి వెనుకాడతారు. చంపడమే హానిచేసే చోట, పట్టును విడిపించడం తప్ప మరేం మిగిలింది? టిర్, ఇంటిమిన్ రెండూ బాక్టీరియావే అయితే మరీ మంచిది, వాటిని గురిపెట్టిన మందు మన కణాల జోలికి రాదు.

సూర్యారావుపేట ల్యాబ్, విజయవాడ:

గురి సరే, వేళ మాటేమిటి? కలరా బాక్టీరియా కణంలోకి దూరదు, దాని టాక్సిన్ జీఎం1 అనే గ్రాహకాన్ని పట్టుకొని లోపలికి చేరుతుంది. రోగి శాంపిల్ మా బల్ల మీదికి వచ్చేసరికి ఆ పని ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. అప్పుడు బాక్టీరియా పట్టు విడిపించినా, ఆ పూటకు ఒంట్లోంచి నీరు పోవడం ఆగదు. ప్రాణం నిలిపేది ఓఆర్‌ఎస్, సెలైన్; విరేచనాల కాలాన్ని కొంత తగ్గించేది యాంటీబయాటిక్. అంటుకోకుండా ఆపడం రోగానికి ముందు చేయవలసిన పని, అంటే టీకా పని. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన కలరా చుక్కల టీకాకు 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. మాత్రగా మింగే అడ్డుకట్ట మందును మీరు ఎవరికి, ఏ రోజున ఇస్తారో చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

రోగికి కాదు, అదే ఇంట్లో అదే నీళ్లు తాగి ఇంకా జబ్బుపడని వారికి, రోగి ఆసుపత్రిలో చేరిన రోజునే ఇస్తాను. టీకా వేశాక రక్షణ రావడానికి రోజులు పడుతుంది. వాళ్లకు అంత వ్యవధి లేదు.