2^1277 − 1: భాజకం చూపకుండా పట్టికలో "సంయుక్తం" అని రాయొచ్చా?

కొలనుగట్టు: మన పట్టికలో 2^1277 − 1 ఎదుట "సంయుక్తం" (1, తాను కాక వేరే భాజకాలున్నది) అని ఉంది. 385 అంకెల సంఖ్య, నేటికీ ఒక్క భాజకం దొరకలేదు. "సంయుక్తమంటారు, భాజకం తెలియదు" అని మార్చండి.

శేషాంకం: అనడం కాదండీ, నిరూపణే ఉంది. లూకాస్–లేమర్ పరీక్ష: 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేసి, 2^1277 − 1తో భాగించి శేషం ఉంచుకోండి. ఇలా 1275 సార్లు. చివర 0 వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే సంయుక్తం. ఇక్కడ 0 రాదు. పైథాన్‌లో నాలుగు లైన్లు, సెకను పట్టదు. 2^67 − 1 సంయుక్తమని గణితజ్ఞుడు లూకాస్ 1876లో భాజకం లేకుండానే తేల్చాడు. 193707721 × 761838257287 అని మరో గణితజ్ఞుడు కోల్ చూపింది 1903లో. మధ్యలో ఆ 27 ఏళ్లూ అది సంయుక్తం కాదా?

కొలనుగట్టు: కోల్ లెక్కను కాగితం మీద గుణించి చూసుకోవచ్చు. మీ పరీక్షలో మధ్యలో కంప్యూటర్‌లో ఒక్క బిట్ (0/1 అంకె) తప్పితే చివర సున్నా కానిదేదో వస్తుంది. అంటే లెక్క తప్పినా "సంయుక్తం" అనే తేలుతుంది.

గోరింట: భాజకాన్ని నేరుగా వెతకలేమా?

శేషాంకం: ప్రధాన భాజకం ఏదైనా 2554కె + 1 (కె పూర్ణాంకం) రూపంలోనే ఉండాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. కాబట్టి కెను 4తో భాగిస్తే 0 లేదా 3 మిగలాలి. కె = 3 అయితే 7663, అది 79 × 97. 4 అయితే 10217, అంటే 17 × 601. 7 అయితే 17879, అంటే 19 × 941. మూడూ ప్రధానాలు కావు, వదిలేయాలి. ఇలా చిన్నవి దాటాక, మధ్యస్థ భాజకాలను వెతికే ఎలిప్టిక్ కర్వ్ పద్ధతితో చాలా లోతుగా వెతికారు, చిక్కలేదు. మిగిలింది పెద్ద సంఖ్యలను విడగొట్టే నంబర్ ఫీల్డ్ సీవ్ పద్ధతి. 320 అంకెల 2^1061 − 1ని 2012లో దానితోనే విడగొట్టారు. అందులో మొదట జల్లెడ పట్టి సమీకరణాలు సేకరిస్తారు, తర్వాత వాటిని పెద్ద మాత్రికగా పేర్చి సాధిస్తారు. 1277 దగ్గర అసలు ఇబ్బంది ఈ మాత్రిక దశ. జల్లెడ పనిని ఎన్ని యంత్రాలకైనా పంచొచ్చు. మాత్రికను అలా పంచితే యంత్రాల మధ్య రాకపోకలకే సమయమంతా పోతుంది.

కొలనుగట్టు: దొరుకుతుందా అని నేను అడగలేదు.

శేషాంకం: మీ అనుమానం గణితం మీద కాదు, కంప్యూటర్ మీద. ఆ సంగతి చెప్పండి, పట్టిక తప్పని అనకండి!

కొలనుగట్టు: అవును, కంప్యూటర్ మీదే. 1277ని నేనే తిరిగి లెక్కించగలను, వదిలేయండి. ఎఫ్24 (24వ ఫెర్మా సంఖ్య) చూడండి: 2^16777216 + 1, 50,50,446 అంకెలు. 1999లో పెపాన్ పరీక్షతో (ఫెర్మా సంఖ్యలకు ఇలాంటి పరీక్షే) సంయుక్తమన్నారు. 3తో మొదలుపెట్టి 1,67,77,215 సార్లు వర్గం చేయాలి. భాజకం నేటికీ లేదు. 2^32 + 1కి 641 ఉంది, పిల్లలు కూడా భాగించి చూడగలరు. రెండింటి ఎదుటా ఒకే మాట! ఏది చేత్తో సరిచూడొచ్చో, ఏది నమ్మాలో చదివేవాళ్లకి తెలియాలి. నా పట్టుదలంతా దానికే.

కంచుగంట: ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

శేషాంకం: ఎఫ్24నీ గుడ్డిగా నమ్మమనలేదు. ఫ్లోటింగ్ పాయింట్‌తో (దశాంశాల ఉజ్జాయింపు గణనతో) రెండు వేర్వేరు యంత్రాల మీద విడివిడిగా నడిపారు. మధ్య శేషాలను దాచి, ఒక్కో ముక్కనూ పూర్ణాంక గణనతో వేరే యంత్రాల మీద సరిచూశారు. ఎఫ్14 (2^16384 + 1) సంగతీ అంతే. 1961లో సంయుక్తమన్నారు, 2010లో 54 అంకెల భాజకం దొరికింది. తీర్పు నిలబడింది.

కొలనుగట్టు: అయితే ఎఫ్24 చివరి శేషాన్ని 2^36, 2^36 − 1, 2^35 − 1లతో భాగిస్తే మిగిలేవి పట్టికలో పెట్టండి. 1277కి చివరి శేషంలో కింది 64 బిట్లు. అప్పుడు ఎవరైనా తమ లెక్కతో పోల్చుకుంటారు.

శేషాంకం: శేషాలు పెడతాను. "అంటారు" మాత్రం రాయను.

గోరింట: 2017లో వచ్చిన గెర్బిచ్ తనిఖీ (వరుస వర్గాల లెక్కను మధ్యమధ్యలో సరిచూసే పద్ధతి) వాడితే బిట్ తప్పు మధ్యలోనే దొరుకుతుంది కదా?

కొలనుగట్టు: లూకాస్–లేమర్‌కు కుదరదు, ప్రతి మెట్టులో 2 తీసేస్తున్నాం. 3 ఆధారంగా ఫెర్మా పరీక్ష (సంయుక్తాలను పట్టే మరో పరీక్ష) చేస్తే అన్నీ వట్టి వర్గాలే, అక్కడ కుదురుతుంది. శేషాంకం గారూ, ఆ శేషం కూడా రెండో గడిలో వేయండి.